హెన్రియెట్టా వెనక కాళ్ళు

ఆలివ్ ట్రాస్క్ ఉద్యోగం ఏమిటని అడిగితే మా స్టూడియోలో గేటు కాపలావాడి నుంచి క్యాంటీన్‌లో సూపు పోసే ఆవిడ వరకూ అందరూ ఒకటే మాట చెప్పేవారు: "నవ్విస్తుంది." ఎలా నవ్విస్తుందని అడిగితే మాత్రం ఒక్కరూ చెప్పలేకపోయేవారు. ఆ రెండో ప్రశ్నే నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. ఇతరుల విషయాల్లో తల దూర్చడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. దాచుకోవడం దేనికి?

మాది హాలీవుడ్‌లో చిన్న స్టూడియో. పెద్దవాళ్ళు పెద్ద సినిమాలు తీసుకునేవారు, మేం వాటికి ముందు వేసే రెండు రీళ్ళ పాటల హాస్యాలు తీసేవాళ్ళం. అన్నీ ఒకే అచ్చు. ఓ నైట్ క్లబ్బు ఉంటుంది, అందులో ఓ బ్యాండు, ఓ అమ్మాయి పాట, ఇద్దరు హాస్యగాళ్ళు జారిపడటం. మధ్యమధ్య చుట్టూ ఉన్న బల్లల దగ్గర పేరున్న తారలు చప్పట్లు కొడుతూ, నవ్వుతూ ఓ క్షణం కనిపించి మాయమవుతారు. జనం ఎదురుచూసేది ఆ క్షణం కోసమే. "అదిగో, అతనే!" అని పక్కవాడి డొక్కలో పొడవడానికే సగంమంది వచ్చేవారు.

నిజానికి ఆ తారలు ఆ పాట వినలేదు, ఆ జారిపడటం చూడలేదు. వేరే స్టూడియోల్లో వాళ్ళ షూటింగుల మధ్య కాస్త ఖాళీ దొరికితే మా దగ్గరికి వచ్చేవారు. ఒకాయన రోమన్ సేనాని కవచం మీద ఓవర్‌కోటు తొడుక్కుని వచ్చాడు, కూర్చున్నప్పుడల్లా రేకు డబ్బాలు దొర్లిన చప్పుడు. వాళ్ళని బల్ల ముందు కూర్చోబెట్టి, ఎదురుగా ఖాళీ గోడ చూపించి "నవ్వండి" అనేవారు. ఏడవమంటే బొటబొటా కన్నీళ్ళు కార్చే మహానటులు కూడా నవ్వమంటే పళ్ళ డాక్టరు ముందు నోరు తెరిచినట్టు తెరిచేవారు. అందుకని ఆలివ్‌ని పెట్టుకున్నారు.

ఆమె కెమెరా పక్కన ఓ ఆపిల్ పెట్టె మీద కూర్చునేది. పొట్టి మనిషి, యాభై దాటిన వయసు, ఎప్పుడూ ఒకే గోధుమరంగు స్వెట్టరు. కెమెరామన్ గస్ లిండ్‌క్విస్ట్ కన్ను కెమెరాకి అతుక్కుని ఉండేది. మా యూనిట్‌కి పెద్ద దిక్కూ, డైరెక్టరూ అయిన లూమిస్ తార ముఖం మీంచి చూపు తిప్పేవాడు కాదు. లైట్లవాళ్ళు లైట్ల వెనక ఉండేవారు. కాబట్టి ఆలివ్ చేసేదాన్ని చూసే మనిషి ఎదురుగా కూర్చున్న తార ఒక్కరే. ఆ షాట్లకి శబ్దం తీయరు గనక ఆమె ఏం మాట్లాడిందో కూడా మిగిలేది కాదు. మిగిలేదల్లా నవ్వు.

ఆ నవ్వులు నా చేతికొచ్చేవి. నేను ఎడిటింగ్ గదిలో పనిచేసేదాన్ని. మిస్ వెర్నా స్ట్రౌడ్ అని తలుపు మీద పేరు, లోపల నేనూ, ఫిల్ము ముక్కలూ. నిజమైన నవ్వుకి ముందు మనిషి ముఖంలో ఓ చిన్న భయం కనిపిస్తుంది, ఎక్కడ నవ్వేస్తానో అని. ఆలివ్ తెప్పించిన నవ్వులన్నిటిలో ఆ భయం ఉండేది. అది కనిపించినప్పుడల్లా ఆ ముక్కని వెనక్కి తిప్పి మళ్ళీ చూసేదాన్ని. ఏం చూసి నవ్వారు? కెమెరా ఎప్పుడూ ఇటే చూస్తుంది, అసలు సంగతంతా అటు జరుగుతుంది.

తారల్నే అడిగి చూశాను. ఓ గాయని "మా ఊళ్ళో శవపేటికలు చేసేవాడి పేరు చెప్పిందమ్మా, అంతే!" అని మళ్ళీ నవ్వడం మొదలెట్టింది. ఇంకొకాయన "చేతి తొడుగు విప్పింది" అన్నాడు. విప్పితే నవ్వడానికేముంది? ఆయన నవ్వుతో భుజాలు అదురుతుండగా వెళ్ళిపోయాడు.

ఆలివ్‌నే అడిగాను.

"నవ్వు తెప్పించడం కాదు పిల్లా. అది వాళ్ళ లోపలే ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. ఎక్కడుందో కనుక్కోవాలి."

"ఎలా కనుక్కుంటారు?"

"నీకేం పనీపాటా లేదా? పో, పోయి నీ ఫిల్ము కత్తిరించుకో!"

ఒక్కటి మాత్రం కనిపెట్టాను. ఓ తార వస్తున్నాడంటే పొద్దున్నుంచే అతని డ్రైవరుతోనో, బట్టలు సర్దే మనిషితోనో ఆలివ్ డోనట్లు తింటూ కబుర్లాడేది. వినేది ఎక్కువ, అనేది తక్కువ.

ఓ ఆదివారం భోజనానికి పిలిచింది. ఆమె ఉండేది వెనకవీధిలో చిన్న బంగళా, కిటికీకి తగిలేంత దగ్గరగా నిమ్మచెట్టు. బీన్సూ, పంది మాంసమూ ఉడికించి పెట్టింది. నేను తింటూనే గది మూలనున్న పెద్ద పెట్టె వంక చూస్తున్నాను. నాటకాలవాళ్ళ పెట్టె, మూలలకి ఇత్తడి రేకులు, ఒళ్ళంతా రైలు చీటీలు. చూపు అటే పోతోందని ఆవిడ కనిపెట్టింది.

"నోట్లో ముద్ద పెట్టుకుని ఆ తొంగిచూడటం ఏమిటే? తెరిచి చూసెయ్, లేకపోతే నీకు అరగదు."

తెరిచాను. లోపల ఆవు తల ఉంది. చీపురు పుల్లలతో చేసిన కనురెప్పలు, ఒక కన్ను గాజుది, ఇంకోటి బూటు బొత్తాం. దాని కింద మడతలు పెట్టిన గోధుమరంగు చర్మం లాంటి గుడ్డ.

"హెన్రియెట్టా," అంది ఆలివ్, బంధువుని పరిచయం చేసినట్టు.

అప్పుడు చెప్పింది. పెన్సిల్వేనియాలో ఓ బట్టల లాండ్రీలో ఇస్త్రీ చేస్తూ ఉండగా లెమ్ ట్రాస్క్ అనే కుర్రాడు ఇద్దరు దూరి ఆడే చిరిగిన ఆవు వేషం ఒకటి పట్టుకుని వచ్చి, కుట్టి ఇస్తావా అని అడిగాడట. కుట్టింది. కొలత సరిపోయిందో లేదో చూడటానికి ముందు భాగంలో దూరింది. ఆ దూరడం దూరడం ఇరవై ఏళ్ళు బయటికి రాలేదు. ఊరూరా తిరిగే వినోద ప్రదర్శనల్లో, కుక్కల ఆటకీ గారడీవాడికీ మధ్య, హెన్రియెట్టా అనే ఆవు వచ్చి నాట్యం చేసేది. ముందు ఆలివ్, వెనక లెమ్. ఆట అయిపోయాక కూడా ఇద్దరూ బయటికొచ్చి దండం పెట్టేవారు కాదు. ఆవే వంగి దండం పెట్టి వెళ్ళిపోయేది.

"లెమ్ ఒప్పుకునేవాడు కాదు. లోపల మనుషులున్నారని తెలిస్తే పిల్లలు దిగులు పడతారనేవాడు. ఇరవై ఏళ్ళు, పిల్లా! ఒక్క ప్రేక్షకుడు కూడా నా మొగుడి ముఖం చూడలేదు."

లెమ్ ఒమాహాలో న్యుమోనియాతో పోయాడు. తర్వాత ఆ ప్రదర్శనలే పోయాయి, మాటలొచ్చిన సినిమాలు వాటిని మింగేశాయి. ఆలివ్ ఆ పెట్టెతో కాలిఫోర్నియా వచ్చింది.

"నాకొకటే కోరిక. హెన్రియెట్టా ఒక్కసారి తెర మీద నడవాలి. నేను కనిపించక్కర్లేదు. నా మొహం ఎవడిక్కావాలి? అది నడిస్తే చాలు. సినిమాలో ఉన్నది పోదు కదా. మేం చేసిందంతా ఏ రోజుకారోజు గాల్లో కలిసిపోయింది."

తర్వాత కొద్ది రోజులకే లూసియన్ హార్గ్రేవ్ వ్యవహారం మొదలైంది.

హార్గ్రేవ్ అంటే తెలియనివాళ్ళు ఆ రోజుల్లో దేశంలో లేరు. రాజులూ, బిషప్పులూ, ఉరిశిక్ష వేసే జడ్జీలూ అన్నీ ఆయనే. తెర మీద నవ్వగా ఎవరూ చూడలేదు, బయట కూడా చూడలేదని వినికిడి. ఆయన్ని నెల జీతం మీద పెట్టుకున్న పెద్ద స్టూడియో ఒక్క మధ్యాహ్నానికి మాకు అరువిచ్చింది. ఒప్పందం గట్టిది: ఆయన బల్ల దగ్గర కూర్చునే ఉండాలి, ఆయన ముఖం నవ్వులపాలు కాకూడదు. లూమిస్ ఊరుకోలేదు. 'హార్గ్రేవ్ నవ్వే సినిమా' అని థియేటర్ల వాళ్ళకి ముందే టముకు వేసేశాడు.

ఆలివ్‌ని కారిడార్‌లో పట్టుకున్నాడు. రీళ్ళు మోసుకుంటూ నేనూ అక్కడే ఉన్నాను.

"ఆలివ్, ఈయన్ని నవ్వించు. నీకేం కావాలో అడుగు."

"సినిమాలో నా ఆవుకి ఒక్క నిమిషం ఇవ్వండి."

"నీ దగ్గర ఆవెక్కడుంది? సగం ఆవుంది!"

"తక్కిన సగం నేను వెతుక్కుంటాను."

"సరే పో. ముందు ఆయన నవ్వాలి. తర్వాత మొత్తం ఆవు కనిపించాలి. రెండిట్లో ఏది లేకపోయినా నాకు తర్వాత కనిపించకు."

ఆలివ్ మా నాట్య బృందంలోని కుర్రాళ్ళని లెమ్ చోట పెట్టి చూసింది. నేనూ వెళ్ళి చూశాను. ఒకడు లోపల దూరగానే కితకితలు పెట్టినట్టు కిచకిచలాడాడు. ఇంకొకడు మంచి డాన్సరే, కానీ వెనక ఉన్నా తానే ముందు నడవాలనుకునేవాడు, ఆవు రెండు దిక్కులకి సాగింది. ఆలివ్ ఆవు తల తీసి చెమట తుడుచుకుంది.

"వెనక కాళ్ళకి కళ్ళుండవు. ముందున్నవాళ్ళ నడుము పట్టుకుని, వాళ్ళ అడుగే తన అడుగనుకోవాలి. ఈ పిల్లలకి అంత నమ్మకం ఎక్కడిది? పాడుగా చేసేకంటే చెయ్యకపోవడమే నయం."

పెట్టె మూసేసింది. ఆ మాటతో ఆవు కథ ముగిసిందనే నేననుకున్నాను, నాకు ఏడుపొచ్చినంత పనయింది.

హార్గ్రేవ్ వచ్చిన రోజు ఆలివ్, నేనూ స్టేజి మెట్ల మీద కూర్చుని కాఫీలో డోనట్లు ముంచుకు తింటున్నాం. గేటు నుంచి లూమిస్ ముందు నడుస్తూ, చేతులు తిప్పుతూ వాగుతూ వస్తున్నాడు. వెనక హార్గ్రేవ్. పొడుగ్గా, నల్లటి విందు సూటులో, ఆయన ముఖం చూస్తే ఎవరో చచ్చిపోయారనుకోవాలి. నేను ఆ ముఖమే చూస్తున్నాను. ఆలివ్ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"కాళ్ళు చూడు."

"ఎవరి కాళ్ళు?"

"ఆయనవి! చూడవే మొద్దూ!"

చూశాను. తెల్ల బొత్తాల బూట్లు, మామూలు నడక. లూమిస్ కుడికాలు వేస్తే ఈయనా కుడికాలే వేస్తున్నాడు. లూమిస్ మాట్లాడటానికి టక్కున ఆగితే ఈయన గుద్దుకోకుండా అదే క్షణంలో ఆగాడు. నాకందులో వింతేమీ కనిపించలేదు. పక్కకి తిరిగేసరికి ఆలివ్ లేదు. సగం తిన్న డోనట్ మెట్టు మీద ఉంది. ఆవిడ స్టూడియో లారీవాడి పక్కన కూర్చుని, నిమ్మచెట్టు బంగళా వైపు పోతోంది.

"ఏమైంది? ఎక్కడికి?" అని అరిచాను. చెయ్యి ఊపింది, అంతే.

నన్ను ఎడిటింగ్ గదిలోకి తరిమారు. తర్వాత జరిగింది నాకు మర్నాడు తెలిసింది. ఆలివ్ కనిపించకపోయేసరికి లూమిస్ తానే నవ్వించబోయాడు. టోపీ తిరగేసి పెట్టుకున్నాడు, కోడిలా కూశాడు, ఆఖరికి బల్లమీది క్రీము కేకులో తన ముక్కే పెట్టుకున్నాడు. హార్గ్రేవ్ జేబురుమాలు ఇచ్చి "తుడుచుకోండి" అన్నాడట. లూమిస్‌కి తల కొట్టేసినట్టయింది. "నవ్వేదాకా కెమెరా తిప్పుతూ ఉండు" అని గస్‌తో చెప్పి, పెద్ద స్టూడియోకి ఫోన్ చేసి మొర పెట్టుకోవడానికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున గస్ ఫిల్ము డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. స్వీడిష్ మనిషి, రోజుకో వాక్యం మాట్లాడతాడు.

"ఏం జరిగింది, గస్? నవ్వాడా?"

"నువ్వే చూడు."

బొమ్మ ఆడించి చూసే యంత్రంలో ఫిల్ము ఎక్కించి దాని చిన్న అద్దంలోకి వంగాను. హార్గ్రేవ్ బల్ల ముందు రాయిలా కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఆయన చూపు ఎడమవైపు పోయింది. కనుబొమ్మ కదిలింది. ఆ భయం, నేను చెప్పానే, ఆ చిన్న భయం ముఖంలోకి వచ్చింది. పెదవులు బిగించాడు, బుగ్గలు అదిరాయి, చెయ్యి బల్ల మీద పడింది. నవ్వేశాడు! తల వెనక్కి వాల్చి, కళ్ళు గట్టిగా మూసుకుని, కళ్ళలోంచి నీళ్ళు కారేలా నవ్వాడు.

నవ్వుతూనే లేచాడు. బల్ల దాటి ఎడమకి నడిచాడు. ఏ కెమెరామన్‌కైనా మొదటి రోజే నేర్పే సంగతి ఒకటుంది: ఏం మునిగిపోయినా తారని మాత్రం వదలకూడదు. గస్ వదల్లేదు. కెమెరా ఆయనతోపాటు తిరిగింది. అన్నేళ్ళలో మొదటిసారి అది అటువైపు చూసింది.

అక్కడ సగం ఆవు నిలబడి ఉంది. ముందరి సగం. చీపురు పుల్లల రెప్పలు, ఒక బూటు బొత్తాం కన్ను. వెనక చర్మం ఖాళీగా నేలమీద ఈడుస్తోంది. ఆ ఆవు మెడ తిప్పి తన వెనక్కి చూసుకుంటోంది, ఏమైపోయాయి నా కాళ్ళు అన్నట్టు. ఒక అడుగు వేస్తుంది, మళ్ళీ ఆగి చూసుకుంటుంది. అందులో నవ్వూ ఉంది, చెప్పలేనంత బెంగా ఉంది.

హార్గ్రేవ్ దాని దగ్గరికి వెళ్ళాడు. చొక్కాకి దోపుకున్న భోజనబల్ల నాప్‌కిన్ అలాగే వేలాడుతోంది. ఆ మహానుభావుడు నడుం వంచి, ఖాళీ చర్మం ఎత్తి, తల లోపల పెట్టి, ముందున్న నడుము పట్టుకున్నాడు. ఆవు వీపు తిన్నగా లేచింది. వెనకవైపు విందు పాంటూ, తెల్ల బొత్తాల బూట్లూ.

హెన్రియెట్టా నడిచింది. నాలుగు కాళ్ళూ ఒకే మనిషివన్నట్టు నడిచింది. వాల్ట్జ్ నాట్యం చేసింది, వెనక కాలితో చెవి గోక్కోబోయి కూలబడింది, ఏమీ జరగనట్టు లేచి కాలి మీద కాలు వేసుకుని నిలబడింది. చివరికి వంగి దండం పెట్టింది. అక్కడితో ఫిల్ము అయిపోయింది.

మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేను నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను, రెండూ ఒకేసారి. తర్వాత పరుగెత్తుకెళ్ళి ఆలివ్‌ని పట్టుకున్నాను.

"మీకెలా తెలిసింది?"

"లెమ్ బజార్లో కూడా అలాగే నడిచేవాడే. వెనక కాళ్ళుగా బతికినవాడు జన్మంతా ముందువాడి అడుగులోనే అడుగేస్తాడు. ఇంత పెద్ద మనిషి లూమిస్ గాడి అడుగులో అడుగేస్తుంటే నాకు అనుమానం రాదూ?" ఆవిడ గొంతు తగ్గించింది. "కాన్సస్‌లో గుడారం నాటకాల్లో మొదలెట్టాడట. రెండేళ్ళు వెనక కాళ్ళే. ఎవరికీ చెప్పుకోలేదు పాపం. లోపల దూరి 'మేడమ్, ముందు ఏ కాలు?' అన్నాడు. అదే అడగాలి, పిల్లా. అదొక్కటే అడగాలి."

లూమిస్ ఆ ముక్క చూశాడు. నవ్వు వచ్చినంతసేపు చేతులు రుద్దుకున్నాడు. హార్గ్రేవ్ లేవగానే ముఖం పాలిపోయింది.

"ఆపు! ఆపెయ్! ఆయన కూర్చునే ఉండాలని రాసి సంతకాలు పెట్టాంరా బాబూ! ఇది వాళ్ళు చూశారంటే ఇకమీదట నాకు చీపురు కూడా అరువివ్వరు. నవ్వు ఉంచు, ఆవుని పారెయ్."

"మీరు ఆవిడకి మాటిచ్చారు," అన్నాను.

"మొత్తం ఆవు కావాలన్నాను. హార్గ్రేవ్‌తో చేసిన ఆవు కావాలన్నానా?"

ఆలివ్ గుమ్మంలో నిలబడి విన్నది. వెనక్కి తిరిగి స్టేజి వైపు వెళ్ళిపోయింది. మర్నాడు ఓ హాస్యనటిని నవ్వించాల్సి వచ్చింది, గాలి వీచినా నవ్వే మనిషి ఆవిడ. ఆలివ్ ఆపిల్ పెట్టె మీద కూర్చుని ప్రయత్నించింది. ఆ అమ్మాయి నవ్వలేదు. అలా ఎన్నడూ జరగలేదు. ఆ ముక్క చేతికొచ్చినప్పుడు లూమిస్ మీద నాకు పుట్టిన కోపం ఇంతా అంతా కాదు.

ఆ ఆవు ముక్కని నేను పారెయ్యలేదు, కొక్కేనికి వేలాడదీసి ఉంచాను. రోజూ వేసుకుని చూసేదాన్ని. ఓ సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. హార్గ్రేవ్. నటులు ఎడిటింగ్ గదికి రారు, వాళ్ళకి ఆ దారి కూడా తెలియదు. టోపీ చేత్తో పట్టుకుని, డబ్బా మీద కూర్చుని, "నేను చూడవచ్చునా మిస్ స్ట్రౌడ్?" అన్నాడు.

అద్దంలోకి వంగి మొత్తం చూశాడు. ముఖం మళ్ళీ రాయిలాగే ఉంది.

"వెనక ఉన్న ఆ కాళ్ళు ఎవరివి?"

"మీవే కదండీ!"

"ముఖం కనిపిస్తోందా?"

"లోపలికి దూరాక కనిపించదు."

"అయితే నావి అని ఎలా చెప్పగలరు? నా ఒప్పందమంతా నా ముఖం గురించే. ఆ ముఖం బల్ల దగ్గర మర్యాదగా నవ్వుతోంది. నేను లేచిన ముక్క తీసేయండి. ఆ తర్వాత ఉన్నది ఆవు. ఆవుతో ఎవరికీ ఒప్పందం లేదు."

నేను నోరు వెళ్ళబెట్టాను. అంత చిన్న సంగతి! ఆయన ముందే నవ్వునీ, ఆవునీ అతికించాను. మధ్యలోని నడక పోయింది. ఇప్పుడు చూస్తే ఎవరో అద్దెకి తెచ్చిన ఆవు ఆడుతోంది, అది చూసి హార్గ్రేవ్ నవ్వుతున్నాడు. ఆయన తన కాళ్ళని చూసే తాను నవ్వుతున్నాడని ఎవడికి తోస్తుంది? ఆ మాటే చెప్పి లూమిస్‌ని కూడా ఒప్పించాను.

పెద్ద స్టూడియో తరఫున చూసి సరే అనడానికి బూడిదరంగు టోపీ పెట్టుకున్న ఒకాయన వచ్చాడు. చీకటి గదిలో లూమిస్ ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది. తెర మీద తెల్ల బొత్తాల బూట్లు ఎంతో పెద్దవిగా కనిపించాయి.

"ఆవుకి విందు పాంటు వేయించడం బాగుందయ్యా లూమిస్," అన్నాడాయన. "ఎవరి ఆలోచన?"

"నాదే," అన్నాడు లూమిస్, సిగ్గు లేకుండా.

పాపం ఆ బూడిద టోపీ మనిషి ఏళ్ళ తరబడి హార్గ్రేవ్ ముఖాన్ని అమ్ముతున్నాడు, కాళ్ళెప్పుడూ చూడలేదు.

సినిమా విడుదలయ్యాక శనివారం మధ్యాహ్నం ఆటకి ట్రామెక్కి పక్క ఊరు గ్లెండేల్‌లో ఓ థియేటరుకి వెళ్ళాం, ఆలివ్, నేనూ. హాలు నిండా పిల్లలు, పాప్‌కార్న్ వాసన. ఆలివ్ స్వెట్టరు మీద ఆకుపచ్చ రాళ్ళ పిన్ను పెట్టుకుంది. వెనక వరసలో కాలరు పైకెత్తుకుని పొడుగాటి మనిషి ఒకడు కూర్చున్నాడు. ఆయన తన సినిమాలే చూడడని ప్రతీతి. మేం వెళ్ళి ఆయన పక్కనే కూర్చున్నాం.

బ్యాండు వాయించింది, అమ్మాయి పాడింది. "హార్గ్రేవ్ నవ్వుతున్నాడే!" అని హాలంతా గోల. తర్వాత హెన్రియెట్టా వచ్చింది. ఆలివ్ నా చెయ్యి పట్టుకుంది.

"ఆవు బూట్లు వేసుకుందే!" అని ఓ పిల్ల కేకేసింది. అక్కణ్ణుంచి ఇక పిల్లలు ఆగలేదు. ఆవు కూలబడినప్పుడు ఓ కుర్రాడు కుర్చీలోంచి జారి కిందపడ్డాడు. దండం పెట్టినప్పుడు వాళ్ళంతా ఆవుకి చేతులూపారు. నిజంగా చేతులూపారు. లోపల మనుషులున్నారని వాళ్ళలో ఒక్కరు కూడా అనుకోలేదు. ఆలివ్ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని తెరకేసి చిన్నగా తలూపింది, ఎవరికో జవాబు చెప్పినట్టు.

మా ముందు కూర్చున్న ఓ లావాటి ఆవిడ మొగుడితో అంది: "ముందరివాడు ఫరవాలేదు గానీ, వెనక కాళ్ళవాడే అసలైన ఆవండీ."

హార్గ్రేవ్ బిగుసుకుపోయాడు. దేశదేశాల్లో చప్పట్లు కొట్టించుకున్న మనిషి ఆ మాటకి చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఆట అయ్యి లైట్లు వెలిగేలోపు ఆలివ్ వైపు వంగాడు.

"మిసెస్ ట్రాస్క్, నిజం చెప్పండి. మీ ఆయన కంటే బాగా చేశానా?"

ఆయనంతటివాడు అడుగుతుంటే ఎవరైనా అవుననేవారు. ఆలివ్ తల అడ్డంగా ఊపింది.

"లేదండీ. లెమ్ కంటే కాదు."

"మరి?"

"లెమ్ తర్వాత మీరే."

హార్గ్రేవ్ గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. రాజుల వేషాల్లో వంచే వంపు కాదది. హెన్రియెట్టా వంపు.

బయట ఎండగా ఉంది. ట్రామ్ కోసం ఆలివ్ వీధి దాటడం మొదలుపెట్టింది. ఆయన ఆవిడ వెనకే నడిచాడు, కుడికి కుడి, ఎడమకి ఎడమ. మధ్యలో ఓ కారు వస్తే ఆలివ్ టక్కున ఆగింది. వెనక్కి తిరిగి చూడలేదు, చూడక్కర్లేదని ఆవిడకి తెలుసు.